ఫర్నేస్ బ్లోవర్ మోటారును స్వయంగా మార్చుకునే విధానం

అమెరికాలోనో కెనడాలోనో గడ్డకట్టే చలిలో, ఇంటిని వేడిచేసే ఫర్నేస్ యంత్రంలో బర్నర్ వెలుగుతున్నా గదుల్లోకి వెచ్చని గాలి రాకపోతే, ఆ గాలిని తోసే బ్లోవర్ (ఫ్యాను) మోటారు తిరగడం లేదేమో చూడాలి. ముందుగా బ్రేకర్‌ను ఆపి, గ్యాస్ వాల్వును మూసి, కరెంటు లేదని మీటరుతో నిర్ధారించుకున్నాకే లోపలి భాగాలను ముట్టుకోవాలి. మోటారు తిరగడానికి తోడ్పడే కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది కనుక దానిని రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మొదట దానినే పరీక్షించండి. అది పాడైనా మోటారు తిరగదు, దాని ఖరీదు మోటారుతో పోలిస్తే చాలా తక్కువ.

తప్పు మోటారుదే అయితే పాత లేబుల్‌పై ఉన్న వోల్టేజీ, హార్స్‌పవర్, ఆర్‌పీఎంలతో పాటు షాఫ్ట్ (మోటారు ఇరుసు) మందం, తిరిగే దిశ కూడా సరిపోలే మోటారును తెచ్చి, దానికి సూచించిన మైక్రోఫారడ్ల (కెపాసిటర్ సామర్థ్యపు కొలత) కొత్త కెపాసిటర్‌నే బిగించాలి. ఈసీఎం రకం (ఎలక్ట్రానిక్‌గా వేగాన్ని నియంత్రించుకునే) మోటార్లకు ఆ ఫర్నేస్ మోడల్‌కు తగిన ప్రోగ్రామింగ్ అవసరం కావచ్చు కాబట్టి, వాటిని నిపుణులకు వదలడమే మేలని నా అభిప్రాయం.

తీగలను విప్పేముందు ఫొటో తీసుకోండి. అసలు శ్రమంతా తుప్పు పట్టిన షాఫ్ట్ నుంచి బ్లోవర్ చక్రాన్ని లాగడంలోనే ఉంది. సుత్తితో కొడితే చక్రం వంగి తర్వాత అదురుతుంది, అందువల్ల తుప్పు వదిలించే నూనె వేసి, షాఫ్ట్‌ను గరుకు కాగితంతో రుద్ది, ఓపికగా పుల్లర్ అనే పనిముట్టుతో లాగాలి. బిగించేటప్పుడు, చక్రాన్ని పట్టి ఉంచే సెట్ స్క్రూ షాఫ్ట్ చదును భాగంపైనే కూర్చోవాలి. వేరే వేగాల కోసం ఇచ్చిన, వాడని స్పీడు తీగల కొనలను విడివిడిగా మూసివేయాలి. అవి ఒకదానికొకటి తగిలితే కొత్త మోటారు కాలిపోవచ్చు.