క్రాఫ్ట్ బీర్ ఇష్టమా? ముందు ఈ చిన్న లెక్క చూడండి

క్రాఫ్ట్ బీర్ (చిన్న బ్రూవరీల్లో రకరకాల రుచులతో చేసే బీర్) తాగుతూ బరువు అదుపులో పెట్టుకోవాలంటే సీసా మీద రుచి వర్ణన కన్నా ముందు ఆల్కహాల్ శాతం చూడండి. ఒక గ్రాము ఆల్కహాల్‌కి 7 క్యాలరీలు, దాదాపు కొవ్వుతో సమానం. నేను వేసుకునే లెక్క ఇది: మిల్లీలీటర్లని శాతంతో గుణించి 18తో భాగించడం. 8 శాతం ఉన్న డబుల్ ఐపీఏ (చేదెక్కువ ఉండే స్ట్రాంగ్ బీర్) 500 మి.లీ. అంటే ఒక్క ఆల్కహాల్ నుంచే సుమారు 220 క్యాలరీలు, పిండి పదార్థాలవి అదనం. అదే 4 శాతం సెషన్ ఏల్ (ఆల్కహాల్ తక్కువుండే తేలికపాటి బీర్) 330 మి.లీ. అయితే 73 దగ్గర ఆగుతుంది. రెండూ "ఒక బీరే" కదా అనుకుంటాం, అక్కడే దెబ్బ తింటాం!

రంగు చూసి కూడా మోసపోకండి. నల్లగా ఉండే స్టౌట్ రకం బీర్ అంతా బరువైనది కాదు, డ్రై స్టౌట్ (అందులో తీపి తక్కువుండే రకం) చాలావరకు 4 శాతం చుట్టూనే ఉంటుంది. స్ట్రాంగ్ బీరే కావాలనిపిస్తే చిన్న గ్లాసు తీసుకుని మెల్లగా తాగండి.

ఇంకోటి, ఖాళీ కడుపుతో మొదలుపెట్టొద్దు. రెండో గ్లాసుకి వేపుళ్ల ప్లేటు దానంతటదే ఎదురొస్తుంది. నా పొట్టకి అసలు కారణం బీరు కన్నా ఆ ప్లేటే అని నా అనుమానం.