కరక్కాయ చూర్ణం ఇంట్లోనే చేసుకునే పద్ధతి

చలికాలంలో కర్నూలు వైపు నల్లమలలోనూ, కడప వైపు శేషాచలం కొండల్లోనూ కరక్కాయలు పండి రాలతాయి. అంగడిలో పొడి కొనకండి, కాయలే కొనండి. పొడిలో గింజ ఎంత కలిసిందో ఎవరికీ తెలియదు. పైగా రెండు నెలలు దాటితే చూర్ణానికి గుణం తగ్గుతుందని ఆయుర్వేదం చెబుతుంది.

కాయ చేతికి బరువుగా తగలాలి, నీళ్లలో వేస్తే మునగాలి. తేలిందంటే పురుగు తొలిచిందో, లోపల గుల్లబారిందో అనుకోవాలి. సూదిమొనంత రంధ్రం కనిపించినా పక్కన పెట్టేయండి. నల్లగా, చిన్నగా, గింజ లేకుండా ఉండే పిందె కరక్కాయలను ఇందులో కలపొద్దు. అవి వేరుగా వాడేవి.

ఒక విడతకు పావు కిలో చాలు. కాయలను తుడిచి ఆరబెట్టి, ముతక గుడ్డలో చుట్టి బండ మీద పెట్టి రాయితో కొట్టండి. పెచ్చులు మాత్రమే మందు, గింజ పారేయాలి. గింజతో దంచిన పొడి గొంతులో గరుకుగా తగులుతుంది, మోతాదు కూడా తప్పుతుంది. పెచ్చులను రెండు మూడు రోజులు ఎండబెట్టండి. విరిస్తే టక్కున విరగాలి. మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టే, ఆ పొడి గడ్డకట్టి బూజు పడుతుంది.

రాతి రోట్లో దంచండి, లేదా స్టీలు మిక్సీ జారులో వేడెక్కకుండా కొద్దికొద్దిగా తిప్పండి. ఇనుప రోలు వద్దు. కరక్కాయ వగరు తడి ఇనుముకు తగిలితే నల్లబడుతుంది (శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు పట్టేది ఈ గుణం వల్లే). పలుచని నూలుగుడ్డలో జల్లించి, పొడి గాజు సీసాలో పోసి బిగుతుగా మూత పెట్టండి.

మలబద్ధకానికి పెద్దవాళ్లు రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లతో మూడు గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా, తీసుకోవచ్చు. మొదటి రెండు రోజులు అర చెంచాతో మొదలుపెట్టండి. కడుపు మెలిపెట్టినా, విరేచనాలు పలుచబడినా ఆపేయాలి.

ఎలా వాడితే అలా పనిచేసే కాయ ఇది. పెచ్చును నమిలితే ఆకలి పుట్టిస్తుంది, పొడి విరేచనం చేస్తుంది, ఉడికిస్తే విరేచనాలను కడుతుందని శాస్త్రం. దగ్గుకు చిన్న ముక్క బుగ్గన పెట్టుకుని ఊట మింగుతారు. చూర్ణానికి తోడుగా వానాకాలంలో సైంధవ లవణం, ఎండాకాలంలో బెల్లం కలుపుతారు.

గర్భిణులకు ఇవ్వకూడదు. బాగా చిక్కిపోయినవాళ్లు, ఉపవాసం ఉన్నవాళ్లు, అనంతపురం మే ఎండల్లో పొలం పని చేసి ఒళ్లు ఎండి వచ్చినవాళ్లు కూడా ముట్టొద్దు. షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.