మంచుదారిలో ఫ్యాట్ బైక్ రేసు: బయల్దేరే ముందు చేయాల్సిన పని

ఫ్యాట్ బైక్ అంటే మంచులో దిగబడకుండా చాలా వెడల్పు టైర్లు వేసిన సైకిల్. అమెరికాలోని మిన్నెసోటాలో జనవరి చివర్లో జరిగే యారోహెడ్ 135 రేసు దూరం 217 కిలోమీటర్లు, గడువు 60 గంటలు. భాగించి చూస్తే గంటకు 3.6 కిలోమీటర్లు. తీరిగ్గా నడిచే మనిషి కూడా అంతకంటే ముందే పోతాడు. అయినా మధ్యలో మానుకునేవాళ్లు ఉంటూనే ఉంటారు. వాళ్లలో కాళ్ల సత్తువ చాలక ఆగేవాళ్లు తక్కువ. లోపలి బట్టలు చెమటకు తడిసి, వేళ్లు మొద్దుబారి, సులువైన మరమ్మతు కూడా చేసుకోలేక ఆగేవాళ్లే ఎక్కువ. అందుకే ఏ సామాను కొన్నా, ఏ సాధన చేసినా రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఒంటిని పొడిగా ఉంచుతుందా? మందపాటి చేతితొడుగులు తీయకుండా దీన్ని వాడగలనా?

ముందు నిబంధనల కాగితం

ప్రతి రేసుకూ తప్పనిసరి సామాను జాబితా ఉంటుంది. యారోహెడ్‌లో మైనస్ 29 డిగ్రీలకు తగిన స్లీపింగ్ బ్యాగు, చలి ఆపే పరుపు, బివీ సంచి (స్లీపింగ్ బ్యాగు మీద తొడిగే పై తొడుగు) లేదా టెంటు, స్టవ్, గిన్నె, అగ్గిపెట్టె లేదా లైటరు, ఈల, ముందు దీపం, వెనక మిణుకుమనే ఎర్రదీపాలు అడుగుతారు. ఇవి కాక 3000 కేలరీల తిండి ఎప్పుడూ సంచిలో ఉండాలి. చాలామంది ఒక పీనట్ బటర్ డబ్బా సంచి అడుగున పెట్టి, దాని సంగతి మరిచిపోతారు. ఐడాహోలో జరిగే ఫ్యాట్ పర్స్యూట్‌లో స్టవ్ మోస్తే సరిపోదు, దారిలో దాన్ని వెలిగించి నీళ్లు కాచి చూపాలి. అలాస్కాలోని ఇడిటరాడ్ ట్రైల్ ఇన్విటేషనల్ మెక్‌గ్రాత్ దాకా 350 మైళ్లు, నోమ్ దాకా 1000 మైళ్లు. దానికి ఇలాంటి రేసులు ముందే పూర్తిచేసిన అనుభవం కావాలి. మొదటి రేసుకు 60 నుంచి 130 కిలోమీటర్లది ఎంచుకోవడం మంచిది. రాత్రి ఒక్కటే వస్తుంది, తప్పు చేసినా బయటపడొచ్చు.

టైరులో గాలి

ఈ రేసులో సగం విద్య ఇక్కడే ఉంది. నాలుగున్నర నుంచి ఐదు అంగుళాల టైరు, 80 నుంచి 100 మిల్లీమీటర్ల రిమ్ము తీసుకోండి. గట్టిగా తొక్కుకుపోయిన దారిలో 7, 8 పీఎస్ఐ (గాలి పీడనం కొలత), మెత్తటి మంచులో 2 నుంచి 4 పీఎస్ఐ. ఆ స్థాయిలో అర పీఎస్ఐ తేడా కూడా తొక్కగలగడానికీ దిగి తోయడానికీ మధ్య తేడా. మామూలు పంపు మీదున్న గేజి 10 పీఎస్ఐ కింద చెప్పేది నమ్మలేం. 0 నుంచి 15 దాకా మాత్రమే చూపే ముల్లు గేజి కొనండి. అంకెల తెర ఉన్నవి చలికి మందగిస్తాయి.

కొత్తవాళ్లు దెబ్బతినేది ఒక చోట. వెచ్చని గదిలో, 20 డిగ్రీల దగ్గర, 6 పీఎస్ఐ పెట్టి సైకిల్ బయటికి తెస్తారు. మైనస్ 30లో అదే టైరులో రెండున్నర పీఎస్ఐ మిగులుతుంది. గేజి చూపేది వాతావరణ పీడనానికి పైన ఉన్న అంకె. చలికి తగ్గేది మొత్తం పీడనం, అంటే వాతావరణపు 14.7 కూడా కలిపిన 20.7లో ఆరో వంతు. టైరుకు చిల్లి పడిందనుకుని ఆ చీకట్లో వెతుక్కుంటారు పాపం. కాబట్టి సైకిల్‌ని రెండు గంటలు బయట ఉంచి, చల్లబడ్డాకే గాలి సరిచూడండి.

దారిలో ప్రతిసారీ గేజి తీయలేరు, గుర్తులు నేర్చుకోండి. వెనక చక్రం మంచులో కాలువ తవ్వుతూ పోతుంటే గాలి ఎక్కువైనట్టు. హ్యాండిల్ తనంతట తాను ఒక పక్కకు లాగుతుంటే, టైరు పక్కగోడ లోతుగా ముడతలు పడుతుంటే మరీ తగ్గినట్టు. ముందు చక్రంలో వెనకదానికంటే అర పీఎస్ఐ తక్కువ ఉంచితే పట్టు బాగుంటుంది. వాల్వు ఎన్ని సెకన్లు నొక్కితే ఒక పీఎస్ఐ దిగుతుందో ముందే లెక్కపెట్టి గుర్తుంచుకోండి, రేసులో ఆ లెక్కే గేజి. గాలి తీయడం క్షణాల పని, చేతి పంపుతో మళ్లీ ఎక్కించాలంటే వందల సార్లు కొట్టాలి. అందుకే కొద్దికొద్దిగా తీయండి.

ట్యూబ్‌లెస్ మేలు. గాలి తక్కువైనప్పుడు టైరు రిమ్ము మీద జరుగుతుంది, లోపల ట్యూబు ఉంటే వాల్వు మొదలు దగ్గర చిరుగుతుంది. అయినా ఒక ట్యూబు వెంట ఉండాల్సిందే. సన్న గ్యాసు సిలిండర్లను నమ్ముకోకండి: ఇంత పెద్ద టైరు నిండాలంటే చాలా కావాలి, పైగా వాల్వు గడ్డకడుతుంది. పంపు లోపలి రబ్బరు చలికి బిగుసుకుంటుంది కనుక దాన్ని కోటు లోపల ఉంచుకోండి.

సైకిల్‌లో మార్చాల్సినవి

ఫ్రీహబ్, అంటే తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే వెనక ఇరుసు భాగం, విప్పించండి. ఫ్యాక్టరీలో పెట్టిన చిక్కటి గ్రీజు మైనస్ 20 దాటాక జిగురవుతుంది, లోపలి కొక్కేల్లాంటి పాల్స్ పైకి లేవవు. పెడల్ ఉత్తినే తిరుగుతుంది, చక్రం కదలదు. గ్రీజంతా తుడిచి, చలికి పలచగా ఉండే నూనె వేయాలి. ఇంత చేసినా దారిలో అది జారితే క్యాసెట్‌లో, అంటే వెనక పళ్లచక్రాల గుత్తిలో, పెద్దదాన్ని సన్న తీగతో ఆకులకు నాలుగైదు చోట్ల కట్టేయండి. ప్లాస్టిక్ ట్యాగులు గడ్డ చలిలో పుటుక్కున విరుగుతాయి, తీగే మంచిది. అలా కట్టాక పెడల్ తొక్కడం ఆపకూడదు, ఆపితే చైను పోగుపడి గేరు మార్చే డిరైలర్ విరుగుతుంది.

బ్రేకుల మీద వాదనలు తెగవు. మినరల్ ఆయిల్ వాడే హైడ్రాలిక్ బ్రేకులు గాఢమైన చలిలో బద్ధకిస్తాయి, డాట్ ద్రవం వాడేవి అంతకంటే నయం. కేబుల్‌తో పనిచేసేవి దారిలో మన చేత్తోనే సరిచేసుకోవచ్చు కాబట్టి మారుమూల రేసుకు మేము వాటివైపే మొగ్గుతాం. సస్పెన్షన్ ఫోర్కు, ఎత్తు మార్చుకునే డ్రాపర్ సీటుకంబం రెండూ వద్దు. ముందు ఒకే పళ్లచక్రం, 28 లేదా 30 పళ్లది చాలు. అయిదంగుళాల టైరు వేసినప్పుడు చైను అన్నిటికంటే లోపలి గేరులో టైరుకు రాసుకుంటుందేమో, గాలి తగ్గించి ఉబ్బు వచ్చాక కూడా చూడండి. బురద దారులకు వాడే చిక్కటి నూనె చైనుకు పనికిరాదు, మైనం లేదా పలచటి నూనె వేయండి.

పెడల్స్ చదునువి. బూటు మామూలు కొలత కంటే ఒకటి, ఒకటిన్నర సైజు పెద్దది: లోపల వేళ్లు కదలాలి. బిగుతు బూటులో ఎన్ని సాక్సులు తొడిగినా రక్తం పారదు, కాలు చల్లబడుతుంది. హ్యాండిల్‌కు పోగీలు బిగించండి. ఈ పెద్ద సంచీ తొడుగుల్లో చేతులు పెడితే లోపల పలచటి గ్లవ్స్ చాలు, బ్రేకు, గేరు హాయిగా అందుతాయి. బ్రేకు లీవర్లకు గుడ్డ టేపు చుట్టండి. సంచుల జిప్పులన్నిటికీ వేలు దూరేంత తాడు ఉచ్చులు కట్టండి. చిన్నపనే, కానీ అర్ధరాత్రి దీని విలువ తెలుస్తుంది.

చెమట

బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. హాయిగా ఉంటే బట్టలు ఎక్కువైనట్టే. ఎక్కుడు మొదలయ్యే ముందే జిప్పు తెరవండి, టోపీ తీయండి. చెమట పట్టాక తెరిస్తే ఆలస్యమైపోతుంది. దిగుడు మొదలయ్యే ముందే మూసేయండి. మైనస్ 25లో గంటకు 20 కిలోమీటర్ల గాలి తగిలితే చర్మానికి మైనస్ 37తో సమానం. గాలి వీచకపోయినా అదే వేగంతో దిగితే ఫలితం అంతే. పూర్తిగా వాన ఆపే కోటు వేసుకుంటే చెమట లోపలే గడ్డకడుతుంది. ముందువైపు గాలి ఆపి, వీపువైపు ఆవిరి పోనిచ్చేది కావాలి.

ముక్కుకీ బుగ్గ ఎముకలకీ బయల్దేరే ముందే గుడ్డ టేపు అంటించండి. చర్మం తెల్లబడి స్పర్శ పోతే వెంటనే వెచ్చటి అరచేయి ఆనించండి, రుద్దకండి. కాలివేళ్లు నిజంగా గడ్డకట్టి ఉంటే, ఇంకా నడవక తప్పని పరిస్థితిలో వాటిని కరిగించకూడదు. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన కణజాలానికి నష్టం చాలా ఎక్కువ. అలాంటప్పుడు సాయం పిలవడమే దారి, అందుకు ఉపగ్రహ పరికరం అందుబాటు జేబులో ఉండాలి.

నదుల మీద, చెరువుల మీద గడ్డకట్టిన పొరపైకి ఉబికి వచ్చే నీళ్లు మరో గండం. పైన మంచు కప్పి ఉంటుంది, అడుగు పెడితే మోకాలు దాకా దిగబడుతుంది. బూటు మీంచి తొడిగే పొడవాటి నీటితొడుగులు పై సంచిలోనే పెట్టుకోండి. దాటగానే గేర్లన్నీ ఒకసారి పైకీ కిందకీ మార్చండి, బ్రేకు తేలిగ్గా పట్టుకుని కాస్త దూరం తొక్కండి. ఆగి మెచ్చుకుంటూ నిలబడితే డిరైలర్ రాయి అయిపోతుంది.

నీళ్లు, స్టవ్, తిండి

నీళ్ల సంచి కోటు లోపల, గొట్టం కూడా లోపలే. తాగిన ప్రతిసారీ గొట్టంలోని నీటిని వెనక్కి ఊదాలి. ఫ్లాస్కు అయితే వేడినీళ్లు పోసి తలకిందులుగా పెట్టండి: గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది, మూత ఉన్న అడుగు భాగం ద్రవంగానే ఉంటుంది.

మంచు కరిగించడం అనుకున్నంత సులువు కాదు. మైనస్ 20లో ఉన్న మంచును సున్నా డిగ్రీల నీళ్లుగా మార్చే వేడితో, అవే నీళ్లను సున్నా నుంచి 90 డిగ్రీల దాకా కాచవచ్చు. ఇంధనం లెక్క అందుకు తగ్గట్టు వేసుకోండి. గిన్నెలో ముందు కాసిని నీళ్లు పోసి, మంచు కొద్దికొద్దిగా వేయాలి. ఒట్టి మంచు వేస్తే అడుగు మాడుతుంది, నీళ్లు మాడువాసన కొడతాయి. గ్యాసు డబ్బాలో ఉండే ఐసోబ్యూటేన్ మైనస్ 12 దగ్గర, బ్యూటేన్ సున్నా దగ్గర ఆవిరవడం మానేస్తాయి. చలి ముదిరితే పంపు కొట్టి వెలిగించే పెట్రోలు రకం స్టవ్వే గతి. అయితే ఆ ఇంధనం మైనస్ 30లో కూడా గడ్డకట్టదు, చేతిమీద ఒలికితే క్షణాల్లో మంచుకాటు వేస్తుంది. స్టవ్ దగ్గర గ్లవ్స్ తీయొద్దు. లైటరు లోపలి జేబులో ఉంచితేనే వెలుగుతుంది.

గంటకు 250 నుంచి 300 కేలరీలు లెక్క. ఏది తీసుకెళ్లాలనుకున్నారో దాన్ని రాత్రంతా ఇంటి ఫ్రీజరులో పెట్టి పొద్దున్నే కొరికి చూడండి. పన్ను దిగనివన్నీ జాబితా నుంచి తీసేయండి. మిగిలినవి రేపర్లు విప్పి, ఒక్క ముద్దకు సరిపడే ముక్కలు కోసి, ఛాతీ జేబుల్లో వేసుకోండి. బ్యాటరీల్లో ఒకసారి వాడి పడేసే లిథియం ఏఏ సెల్లు మైనస్ 40 దాకా పనిచేస్తాయి. రీచార్జి చేసేవాటిని ఒంటికి ఆనించి ఉంచాలి.

పడక

స్లీపింగ్ బ్యాగు, పరుపు, బివీ మూడూ కలిపి ఒకే చుట్టగా హ్యాండిల్‌కు కట్టండి. విప్పి పరిస్తే పడక సిద్ధం, విడివిడిగా ఉంటే గాలిలో వెతుక్కోవాలి. ఆగిన నిమిషంలోపే, మరే పనీ ముట్టకముందే, మందపాటి ఈకల కోటు తొడగండి. వేడి పోయాక తొడిగితే మళ్లీ పుట్టించుకోవడం కష్టం. స్నోమొబైల్ దారికి బాగా పక్కకు జరిగి, మంచు తొక్కి గట్టిచేసి, సైకిల్ ఎర్రదీపం వెలుగుతుండగా పడుకోండి. నోటితో ఊదే పరుపులో ఊపిరి తేమ గడ్డకడుతుంది, ఫోము పరుపు చిల్లిపడినా చలి ఆపుతుంది. ముఖం బ్యాగు బయటే ఉంచండి: శ్వాస తేమ ఈకల్లోకి దిగితే రెండో రాత్రికి బ్యాగు చప్పబడుతుంది. తడి సాక్సులు పొట్ట మీద, బూటు లోపలి తొడుగులు, నీళ్ల సీసా బ్యాగులో.

చెక్‌పోస్టులో వెచ్చటి గదిలోకి సైకిల్ తేవద్దు. మంచు కరిగి ఫ్రీహబ్‌లోకి, కేబుల్ గొట్టాల్లోకి దిగి, బయటికి రాగానే బిగుసుకుంటుంది. సైకిల్ బయట, తడి గ్లవ్స్, ఇన్‌సోళ్లు, బ్యాటరీ, ఫ్లాస్కు లోపల.

సాధన

తొక్కడం గురించి మీకే తెలుసు. చాలామంది వదిలేసేది తోయడం. సామానుతో పాతిక కిలోల సైకిల్‌ని రేసు బూట్లతో మెత్తటి మంచులో రెండు గంటలు తోసి చూడండి. బూటు ఎక్కడ ఒరుస్తుందో, భుజాలు ఎక్కడ పట్టేస్తాయో అప్పుడు తెలుస్తుంది. తరవాత ఒక రాత్రి, వెచ్చటి గది పది నిమిషాల దూరంలో ఉన్నచోట, మొత్తం వరస చేయండి: ఆగడం, కోటు, పడక, స్టవ్, నీళ్లు, నిద్ర, మళ్లీ సర్దుకుని కదలడం. గ్లవ్స్ తీయాల్సి వచ్చిన ప్రతి పనీ రాసుకుని, రేసు లోపు ఒక్కోదానికీ ఉపాయం చూడండి. ఈ వరస మూడోసారి చేసేటప్పటికి ఆగిన చోటి నుంచి పడకలోకి చేరడానికి పది నిమిషాలు పట్టాలి.

రేసు ముందు రాత్రి సైకిల్ బయటే ఉంచండి. పొద్దున్న గాలి చూసి, ఒక పొర తక్కువ తొడుక్కుని బయల్దేరండి. ఇరవై నిమిషాలయ్యాక ఎవరు దాటిపోయినా సరే ఒకసారి ఆగండి: లోపలి బనీను వీపు దగ్గర తాకి చూడండి, చెమ్మగా ఉంటే ఇంకో పొర తీయండి, టైరు ముడతలు చూసి గాలి సరిచేసుకోండి.