ఇంగ్లీషు పాత మాటల పుట్టుక – 4వ పాఠం: ‘వాట్’ అనే క్రియ

నిఘంటువులో వ్యుత్పత్తి భాగాన్ని చదివే పద్ధతిని గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి దానిని వాడుక తప్పిన ఒక క్రియ మీద ప్రయోగిద్దాం. డబ్ల్యూ, ఓ, టీ అక్షరాలతో రాసే ‘వాట్’ అనే మాటకు ‘ఎరుగుదును’, ‘ఎరుగును’ అని అర్థం. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో, మీరు తెలియక చేశారని నేనెరుగుదునని పేతురు జనంతో అనేచోట ఈ మాటే కనిపిస్తుంది. తరువాతి కాలంలో ‘నో’ అనే క్రియ దీని స్థానాన్ని ఆక్రమించింది.

ప్రాచీన ఇంగ్లీషులో దీని మూలరూపం ‘విటన్’. ‘వాట్’ రూపాన్ని బట్టి భూతకాలానికి చెందినది, అర్థాన్ని బట్టి వర్తమానానిది. ఈ వింతకు కారణం ధాతువులోనే ఉంది: దాని తొలి అర్థం ‘చూచుట’ కాబట్టి, ‘చూచితిని’ అన్న రూపమే కాలక్రమాన ‘ఎరుగుదును’ అన్న అర్థంలో స్థిరపడింది. లాటిను ‘విదేరే’లో చూచుట అన్న అర్థమే నిలిచింది. గ్రీకు ‘ఓయిద’, సంస్కృతం ‘వేద’ మాత్రం ఇంగ్లీషు మాటలాగే పాత భూతకాల రూపంతో ఎరుకను చెబుతాయి. పైగా సంస్కృతంలోనూ ప్రాచీన ఇంగ్లీషులోనూ ఉత్తమ పురుషకు, ప్రథమ పురుషకు ఒకే రూపం. ఇంత లోతైన వ్యాకరణ సామ్యం యాదృచ్ఛికంగా ఏర్పడదు. ఈ భాషల బంధుత్వానికి నేను అన్నిటికంటే ఎక్కువగా విలువ ఇచ్చే సాక్ష్యం ఇదే. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన విద్య, వేదం, విద్వాంసుడు అనే మాటలన్నీ ఈ ధాతువు సంతానమే.

సంస్కృతంలోని ‘ద’కారానికి ఇంగ్లీషులో ‘ట’కారం రావడం 1822లో జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ వివరించిన ధ్వని నియమాలలో ఒకటి. దశ–టెన్, ద్వి–టూ, దంత–టూత్ జతలను గమనించండి. ఈ నియమానికి నిలవని పోలికను, అది ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, అంగీకరించకూడదు. ‘ఏమిటి’ అని అడిగే ‘వాట్’ ఉచ్చారణలో దగ్గరగా ఉన్నా వేరే మూలం నుంచి వచ్చింది. మన క్రియ వంశానికి చెందినవి విట్నెస్, అన్‌విటింగ్, న్యాయపత్రాలలో ‘అనగా’ అన్న అర్థంలో వచ్చే ‘టు విట్’.

అభ్యాసం: పాదం–ఫుట్, అద్ (తినుట అనే సంస్కృత ధాతువు)–ఈట్, దినం–డే అనే మూడు జతలను పై నియమంతో పరీక్షించండి. వీటిలో ఒకటి పైకి పోలినట్లున్నా చుట్టరికం లేనిది. అది ఏదో, ఏ ధ్వని వల్ల పట్టుబడుతుందో రాసి ఉంచుకోండి; జవాబుతోనే వచ్చే పాఠం మొదలవుతుంది.