లైటు ఆపితే సాకెట్లో కరెంటు పోతోందా?

బోర్డు విప్పే ముందు మెయిన్ ఆపాలి. దానికంటే ముందు టెస్టర్‌ను కరెంటు ఉన్న చోట ఒకసారి పెట్టి చూడండి. పాడైన టెస్టర్ ఎక్కడ పెట్టినా వెలగదు, కరెంటు లేదనే అనుకుంటాం. వైర్ల రంగులను నేను నమ్మను. ఇదివరకు పనిచేసినవారి చేతికి ఏ ముక్క దొరికితే అది వేసి ఉండవచ్చు.

సమస్య: లైటు ఆపితే సాకెట్ కూడా ఆగిపోతుంది.
స్విచ్ నుంచి బల్బుకు వెళ్లే వైరు మీద సాకెట్ ఫేజు (కరెంటు తెచ్చే వైరు) కలిపారు. దాన్ని విప్పి, స్విచ్‌లోకి ఫేజు వచ్చే స్క్రూ దగ్గర బిగించండి. సాకెట్‌కు విడిగా స్విచ్ కావాలంటే, అదే ఫేజు నుంచి రెండో స్విచ్‌కు లూపు (చిన్న వైరు ముక్క) వేసి, దాని అవతలి స్క్రూ నుంచి సాకెట్‌కు వైరు ఇవ్వాలి.

సమస్య: ఇస్త్రీపెట్టె పెడితే అది వేడెక్కదు, ఆపి ఉన్న బల్బు వెలుగుతుంది. లైటు వేస్తే సాకెట్ అసలు పనిచేయదు.
చూసేవారికి దెయ్యం పనిలా ఉంటుంది. అసలు సంగతి, ఆ బోర్డులోకి న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) రాలేదు. అక్కడున్నవి ఫేజు, బల్బుకు వెళ్లే వైరు మాత్రమే. రెండు వైర్లు కనిపించాయి కదా అని సాకెట్‌ను వాటికే తగిలించారు. దాంతో ఇస్త్రీపెట్టె, బల్బు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, పడ్డాయి. స్విచ్ వేస్తే సాకెట్ రంధ్రాలు రెండూ ఫేజే అవుతాయి. టెస్టర్ రెండింటిలోనూ వెలుగుతుంది, వాటి మధ్య వోల్టేజీ మాత్రం సున్నా. న్యూట్రల్ వైరు కొత్తగా లాగడం తప్ప దారి లేదు. ఎర్త్‌ను (భద్రత కోసం భూమికి కలిపే వైరును) న్యూట్రల్‌గా వాడమని ఎవరైనా చెబితే వినకండి. ఆ ఎర్త్ ఎక్కడైనా తెగితే, దానికి కలిసిన ప్రతి పరికరం లోహపు భాగమూ షాక్ కొడుతుంది. లైట్ల కోసం వేసిన సన్నని వైరు మీద గీజరు, హీటరు వంటివి పెట్టడమూ తగదు.

సమస్య: రెండు చోట్ల టూ-వే స్విచ్‌లు (ఒకే బల్బును రెండు చోట్ల నుంచీ వేసి ఆపేవి) ఉన్నాయి, కానీ ఒకటి ఫలానా వైపు ఉంటేనే రెండోది పనిచేస్తుంది.
కామన్ స్క్రూలో (మిగతా రెండింటిలో ఏదో ఒకదానితో ఎప్పుడూ కలిసి ఉండే స్క్రూలో) ఉండాల్సిన వైరు పక్క స్క్రూలోకి పోయింది. చాలా స్విచ్‌లలో కామన్ మధ్యలో ఉంటుంది, అన్నింటిలో కాదు. స్విచ్‌ను బయటికి తీసి మల్టీమీటర్‌ను బీప్ మీద (రెండు కొనలు కలిసి ఉంటే మోగే సెట్టింగు మీద) పెట్టండి. స్విచ్ పైకి ఉంటే ఒక స్క్రూతో, కిందికి ఉంటే ఇంకో స్క్రూతో ఏది మోగితే అదే కామన్. ఒక బోర్డులో కామన్‌కు ఫేజు, రెండో బోర్డులో కామన్‌కు బల్బు వైరు. మిగిలిన రెండేసి స్క్రూల మధ్య రెండు వైర్లు. వాటిలో ఏది పైన, ఏది కింద అన్నది పట్టింపు లేదు.

సమస్య: స్విచ్ వేయగానే ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగే స్విచ్) పడిపోతుంది.
స్విచ్ రెండో స్క్రూలో బల్బు వైరుకు బదులు న్యూట్రల్ బిగించి ఉండవచ్చు. మార్చే వరకు ఎంసీబీని మళ్లీ మళ్లీ ఎత్తకండి.

సమస్య: ఆపినా ఎల్‌ఈడీ బల్బు మసకగా వెలుగుతుంది.
స్విచ్‌లో చిన్న ఇండికేటర్ దీపం ఉంటే దాని గుండా పోయే కొద్దిపాటి కరెంటే చాలు. అది లేకపోతే, ఫేజుకు బదులు న్యూట్రల్‌కు స్విచ్ పెట్టారేమో చూడండి. అలా పెడితే, ఆపి ఉన్నా హోల్డర్‌లో ఫేజు ఉంటుంది. బల్బు మార్చేటప్పుడు చేతికి తగిలేది అదే.