మృగశిరకు ముందు గొడ్ల చావిడి, కంచె పని: ఇవి చూసుకోండి

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా బాపట్ల వైపు గొడ్ల చావిడి రిపేర్లు కూడా సరిగ్గా ఆ ఎండలోనే పెట్టుకుంటాం. జూన్ మొదటి వారం దాటితే మృగశిర, వెనకాలే వానలు. ఎండాకాలమంతా గుర్తురాని పని చివరి వారంలో నెత్తిన పడుతుంది. రెండు గేదెలు, ఏడు మేకలు, పది పన్నెండు నాటుకోళ్లతో నెట్టుకొస్తున్నవాణ్ణి నేను. ఈ పనిలో నేను తిన్న దెబ్బలు చాలావరకు ఆ చివరి వారం హడావిడిలో తిన్నవే.

ముందు మేకుల సంగతి చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ లెక్కచేయరు. ఒక ఏడాది పాత రేకులు తీయించి కొత్తవి వేయించాం. పనయ్యాక చావిడంతా శుభ్రంగా ఊడ్చాం కూడా. నెల తిరక్కుండా పెద్ద గేదె మేత మానేసింది. పాలు సగానికి పడిపోయాయి. వీపు పైకెత్తి గూనిలా నిలబడేది, మిట్ట మీంచి పల్లానికి దిగమంటే మొరాయించేది. అజీర్తి అనుకుని వాము, బెల్లం పెట్టి వారం పోగొట్టాం. పశువుల డాక్టరు వచ్చి చూసి, లోపల ఇనుము ఉందన్నారు. ఆపరేషన్ చేసి తీస్తే బెత్తెడు బైండింగ్ వైరు ముక్క, ఒక మేకు.

పశువు నమిలి చూసి మింగదు. గడ్డితో ఏదొస్తే అది గబగబా మింగేసి, తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది. బరువైన ఇనుము రెండో పొట్టలో చేరి అక్కడే ఉండిపోతుంది. ఆ పొట్ట గుండెకు ఆనుకున్నంత దగ్గర, మధ్యలో పల్చటి పొర తప్ప అడ్డేమీ లేదు. మేకు అటు దూసుకుపోయి గుండెను తాకితే మెడ కింద, ముందుకాళ్ల మధ్య నీరు దిగి వాచిపోతుంది. అంతవరకు వస్తే ఇక బతికించుకోవడం చాలా కష్టం. మాది అదృష్టం, ముందే పట్టుకున్నాం.

అప్పటినుంచి పాత స్పీకర్‌లోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని తాడుకు కట్టి, పని జరిగిన చోటల్లా ఈడ్చుకుంటూ తిరుగుతాను. మొదటిసారి గుప్పెడు మేకులొచ్చాయి, ఊడ్చిన నేలలోంచే! పనివాళ్లకి ముందే ఒక డబ్బా ఇచ్చి, ఊడదీసిన మేకైనా తెగ్గోసిన వైరైనా అందులోనే వేయమనండి. మేత వేసే గాడి పక్కన, గడ్డివామి పక్కన అసలు వైరు కోయనివ్వకండి.

ఇక కప్పు. పదేళ్లు ఎండకెండి వానకు తడిసిన సిమెంటు రేకు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, మనిషి కాలు పెడితే పెళుక్కున విరుగుతుంది. అడ్డంగా బలమైన పలక వేసి, అది రెండు మూడు ఇనప గొట్టాల మీద ఆనేలా చూసుకుని, దానిమీదే నడవాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. గ్రైండర్‌తో కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగబడిపోయి ఎన్నో ఏళ్ల తర్వాత కేన్సర్ తెస్తుంది. తడిపి, విరగ్గొట్టకుండా పూర్తి రేకుగా కిందికి దించండి. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు, సన్నటి దుమ్మును ఆపే మాస్కు కావాలి.

బోల్టు రేకు మిట్ట మీద పడాలి, పల్లంలో కాదు. పల్లంలో వేస్తే వాన నీళ్లన్నీ ఆ బెజ్జంలోంచే కారతాయి. ఇంకో మాట. గాలి చూరు కింద దూరి రేకును పైకి లేపుతుంది. కాబట్టి చూరు వరసలో బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి. రేకులు లేవకుండా పైన బండరాళ్లు పెట్టే అలవాటు మా దగ్గరుంది. నేనూ పెట్టాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు అందులో ఒక రాయి దొర్లి మేకపిల్ల పక్కనే పడింది. అప్పుడు తీసేశాను.

జల్లు కొట్టే పడమటి వైపు గోనెపట్టా కట్టండి గానీ నాలుగువైపులా మూసేయకండి. మూత్రం వాసన మీ కళ్లు మండించేంత ఉందంటే, తల వంచుకుని అక్కడే ఉండే పశువు సంగతేంటి? పైన గాలి పోయే సందు ఉంచాలి, కింద నేల కాలవ వైపు వాలి ఉండాలి.

కరెంటు దగ్గర మాత్రం నేను మొండివాణ్ణి. మనకు జిల్లుమని వదిలేసే కరెంటు గేదెను చంపేస్తుంది. తడి నేల, చెప్పుల్లేని కాళ్లు, ముందుకాళ్లకీ వెనక్కాళ్లకీ మధ్య అంత దూరం, ఆ దారిలోనే గుండె. రోజూ వెళ్లే చావిడిలోకి గొడ్డు హఠాత్తుగా రానంటే, తొట్టిలో మూతి పెట్టి వెనక్కి లాక్కుంటే, కొట్టకండి. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. బల్బు వైరు ఇనప గొట్టానికి చుట్టకుండా ప్లాస్టిక్ పైపులోంచి లాగించాలి. ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ పెట్టించండి, ఒక మేకపిల్ల ఖరీదు కూడా ఉండదు. కంచె తీగను కరెంటు స్తంభానికి గానీ, స్తంభం ఒరగకుండా నేలలోకి లాగి కట్టే స్టే వైరుకి గానీ కట్టొద్దు. స్టే వైరుకి గేదెను కట్టేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లకేం చెప్పాలో నాకు తెలీదు. తెగిన తీగ కనిపిస్తే దూరంగా ఉండి 1912కి ఫోన్ చేయండి.

అడవిపందుల కోసమని లైనుకి కొక్కెం తగిలించి కంచెకు కరెంటు పెట్టడం 2003 విద్యుత్ చట్టం ప్రకారం దొంగతనం, పైగా తెల్లారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చే పక్క పొలం మనిషి పోతాడు. సోలార్ కంచె వేరు: అందులో కరెంటు సెకనుకొకసారి లిప్తపాటు వచ్చి ఆగుతుంది, బెదిరిస్తుందే తప్ప పట్టి ఉంచదు. అదైనా దానికోసం చేసిన మిషన్‌తోనే.

కంచె తీగ బిగించేటప్పుడు కళ్లద్దాలు, మందం చేతితొడుగులు ఉండాల్సిందే. ముళ్లతీగ తెగితే పాములా చుట్టుకుంటూ వెనక్కి ఎగిరొస్తుంది. లాగే మనిషి తీగ వరసలో కాకుండా స్తంభానికి అవతల నిలబడాలి. తీగ లాగుడంతా మూల స్తంభాల మీదే పడుతుంది, వాటికి ఏటవాలు ఊత లేకపోతే మొదటి వానకే ఒరుగుతాయి. మా ఇసుక నేలలో ఏడడుగుల రాతి స్తంభానికి రెండడుగుల గొయ్యి చాలదు, ఇంకో అర అడుగు తీస్తాం. రేగడి నేలవాళ్లు గొయ్యి చుట్టూ మొరం కూరుకోవాలి, ఆ మట్టి తడికి ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చి స్తంభాన్ని వదులు చేస్తుంది. సరుగుడు కర్రలైతే మట్టిలో దిగే భాగానికి తారు పూయండి, చెదలు కొంచెం ఆగుతాయి.

మేకలకు ముళ్లతీగ వద్దనే నేనంటాను, పొదుగు చీరుకుపోతుంది. జాలీ వేసినా దాని కన్నాలు ఆరంగుళాలుంటే కొమ్ముల మేక తల దూర్చి, తీయలేక ఉరిపడుతుంది. కోళ్ల గూటికి వేసే పల్చటి వల కోడిని ఆపుతుంది గానీ కుక్కను ఆపదు. వెల్డెడ్ మెష్ వేసి, అడుగున ఒక అడుగు మట్టిలో పాతండి. ముంగిస తవ్వుకుని వస్తుంది.

పాత తాటాకు, కర్రల దుంగలు చేత్తో లేపకండి. తేళ్లు, కట్లపాములు అక్కడే ఉంటాయి. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకుండా 108లో ఆసుపత్రికి. ఎండ దెబ్బ తగలకుండా పని పొద్దున పదిలోపు, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో గుర్తులేకపోతే ముందు అది చేయించుకోండి. గేదెలకు గొంతువాపు టీకా, మేకలకు చిటుకు రోగం టీకా కూడా వానలకు ముందే పడాలి. పశువుకి బాగోలేకపోతే 1962కి ఫోన్ చేయొచ్చు.

తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి గొడ్లను కట్టేసి ఉంచకండి. నీళ్లొస్తే కట్టు లేనిది ఈదుకుంటూ మిట్టకు చేరుతుంది, పలుపుతో ఉన్నది అక్కడే మునుగుతుంది. తడిసిన పలుపు ముడి చీకట్లో ఊడదు. అందుకే మా చావిడిలో గుమ్మం పక్కన కుడివైపు, పిల్లలకి అందనంత ఎత్తులో ఒక కొడవలి ఎప్పుడూ వేలాడుతుంటుంది. గడ్డి కోయడానికి దాన్ని ఎవరూ తీయకూడదు. అదెక్కడుందో మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు.