మత్తు తక్కువ, రుచి తగ్గని బెల్జియన్ పేల్ ఏల్

మూడు శాతం ఆల్కహాల్ బీరు అనగానే నీళ్ళలా ఉంటుందని తీసిపారేస్తారు. మాష్, అంటే మాల్ట్‌ను (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలను) వేడినీళ్ళలో నానబెట్టడం, సరిగ్గా చేస్తే అలా ఏం ఉండదు.

20 లీటర్లకు పిల్స్‌నర్ మాల్ట్ 2.5 కిలోలు, మ్యూనిక్ 400 గ్రాములు, బిస్కెట్ మాల్ట్ 200, ఓట్స్ 200. చాలా బెల్జియన్ బీర్లలో వేసే చక్కెర ఇక్కడ వద్దు, అది దాదాపు మొత్తం ఆల్కహాల్‌గా మారిపోయి బీరును ఇంకా పలచన చేస్తుంది. మాష్‌ను 69 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి, ఆ వేడిలో ఈస్ట్ తినలేని చక్కెరలు ఎక్కువ మిగులుతాయి కాబట్టి గ్లాసులో కాస్త చిక్కదనం వస్తుంది. అసలు కిటుకంతా ఇదే.

తర్వాత గింజలు వడకట్టేసి, ఆ ద్రవాన్ని మూత తీసి గంటసేపు మరిగించాలి. మొదట్లో స్టిరియన్ గోల్డింగ్ హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) 40 గ్రాములు, చివర్లో సాజ్ రకం హాప్స్ 15. అంతకు మించి వేస్తే ఇంత తేలిక బీరులో చేదొక్కటే తెలుస్తుంది.

18 డిగ్రీలకు చల్లార్చి బెల్జియన్ ఏల్ ఈస్ట్ వేయండి, మూడు రోజుల్లో మెల్లగా 22కి పెరగనివ్వండి, పండ్ల వాసన, లవంగం ఘాటు అక్కడే పుడతాయి. సేజాన్ అనే మరో బెల్జియన్ బీరుకు వాడే ఈస్ట్ జోలికి మాత్రం పోవద్దు, వాటిలో చాలా రకాలు మనం కష్టపడి మిగిల్చిన చక్కెరలను కూడా తినేస్తాయి.

ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.034 దగ్గర మొదలై 1.010 దగ్గర ఆగాలి. మూడు రోజులు వరుసగా అదే అంకె చూపించాకే, సీసాలో గ్యాస్ పుట్టడానికి మాత్రం 120 గ్రాముల చక్కెర కలిపి శుభ్రం చేసిన సీసాల్లో నింపండి. నేనొకసారి తొందరపడి ముందే నింపేశాను, అర్ధరాత్రి రెండు సీసాలు పేలాయి. రెండు వారాలాగి తాగండి.